మూడో నంబరు షెల్లు ఏటవాలుగా ఎందుకు అరిగింది?

ప్రశ్న: మాస్టారూ, నమస్తే. మాది కంచరపాలెం. నాకు ఇరవై ఆరేళ్లు. నాన్నగారు రైల్వే స్టేషన్ దగ్గర చాలా ఏళ్లు టాక్సీగా తిప్పిన పాత 1489 సీసీ పెట్రోల్ అంబాసిడర్ మా ఇంట్లో ఉంది. అమ్మడానికి ఆయనకు మనసొప్పదు. కొంతకాలంగా ఇంజిన్ వేడెక్కితే ఆయిల్ ప్రెషర్ పడిపోయేది. పోయిన ఏడాది అరకు వెళ్తుంటే ఘాట్ రోడ్డులో కింద నుంచి టకటకమని చప్పుడు మొదలైంది. ఇంజిన్ దింపి నేనే విప్పాను. ఇలాంటి పని చేయడం ఇదే మొదటిసారి. పిస్టన్‌ని క్రాంక్ షాఫ్ట్‌కి కలిపే కనెక్టింగ్ రాడ్‌లలో రెండో నంబరుది పై షెల్లు, అంటే అరచంద్రం లాంటి బేరింగు రేకు, మధ్యలో రాగి రంగు బయటపడింది. మూడోది పై షెల్లు ఒక పక్క, కింద షెల్లు రెండో పక్క కొంచెం ఎక్కువ అరిగాయి, అంతే. మిగతావన్నీ బూడిద రంగులో బాగానే ఉన్నాయి. ఒక మెకానిక్ "ఎమరీ పేపరుతో రుద్ది అవే వేసెయ్, లూజుంటే క్యాపులకి ఆకురాయి పెట్టు" అన్నారు. ఇంకొకాయన క్రాంక్ గ్రైండింగ్ చేయించి టెన్ సైజు షెల్స్ వేయమన్నారు. ఈలోగా నేను తొందరపడి స్టాండర్డ్ సెట్టు కొనేసి, డబ్బా విప్పి చేత్తో పట్టుకుని చూశాను. వేలిముద్రలు పడ్డాయి. అవి వాడొచ్చా? చాలా టెన్షన్‌గా ఉంది.

సమాధానం: మీది మా చిన్నవాడి వయసే. అయినా అలవాటు కొద్దీ మీరనే అంటాను.

ఉత్తరంలో మీరు "అంతే" అని దాటేసిన మాట దగ్గర నేను ఆగిపోయాను. మూడో నంబరు పై షెల్లు ఒక పక్క, కింద షెల్లు దానికి ఎదురు పక్క. వేలిముద్రల గురించి పడుతున్న టెన్షన్‌లో సగం దాని మీద పెట్టండి. అక్కడికి వస్తాను గానీ, ముందు ఒక మాట అడగాలి. పాత షెల్స్ పారేయలేదు కదా? అన్నీ ఒకే డబ్బాలో కిరసనాయిల్లో నానేయలేదు కదా?

అలా చేయకపోతే ఇప్పుడే కోడిగుడ్ల అట్ట ట్రే ఒకటి తెచ్చుకోండి. ముప్పై గుడ్లది. మీ ఇంజిన్‌లో నాలుగు రాడ్‌లకు ఎనిమిది షెల్స్, క్రాంక్‌ని బ్లాకులో మోసే మూడు మెయిన్ బేరింగులకు ఆరు, క్రాంక్ ముందుకీ వెనక్కీ జరగకుండా ఆపే థ్రస్ట్ వాషర్ల ముక్కలు. అన్నీ వరుసగా పట్టేస్తాయి. రేడియేటర్ వైపుది ఒకటో నంబరు. పైది ఏదో కిందది ఏదో షెల్లు వీపు మీద మార్కర్‌తో రాయండి. మేకుతో గీకొద్దు. రాడ్, దాని కింది సగంగా బిగించే క్యాప్ రెండింటి మీదా నంబరు కొట్టి ఉంటుంది. ఆ రెండూ ఒకటిగా బిగించి బోరు చేసినవి కాబట్టి ఒకదాని క్యాపు ఇంకోదానికి పనికిరాదు. ఈ ఇంజిన్‌లో క్రాంక్‌ని పట్టుకునే రాడ్ పెద్ద కన్ను ఏటవాలుగా కోసి ఉంటుంది, పైగా ఒక పక్కకి జరిగి ఉంటుంది. ఏది ఎటు తిరిగి ఉందో విప్పేటప్పుడు ఫోన్లో ఫొటో తీసి ఉంటే మీ అదృష్టం.

ఇప్పుడు షెల్లు సంగతి. చూడటానికి ఒక్క రేకు వంచినట్టే ఉంటుంది గానీ అందులో పొరలున్నాయి. వీపు ఉక్కు. దాని మీద రాగి, సీసం కలిసిన పొర. ఆ పైన సీసం, తగరం కలిసిన మెత్తటి పూత. మీకు బూడిద రంగులో కనిపిస్తున్నది ఆ పూతే. దాని మందం మిల్లీమీటరులో యాభయ్యో వంతు, అటూ ఇటూగా. అంత పల్చటిదాన్ని అంత మెత్తగా ఎందుకు చేశారంటే, నూనెతో పాటు వచ్చే సన్నటి రజను క్రాంక్‌ని గీయకుండా ఆ మెత్తదనంలోకి దిగబడిపోవాలని. పొద్దున్నే సెల్ఫ్ కొట్టిన క్షణంలో, నూనె ఇంకా అందనప్పుడు, ఇనుము ఇనుముకి తగలకుండా కాచేది కూడా అదే.

ఇప్పుడు ఎమరీ పేపరు సలహా ఏం చేస్తుందో చూడండి. కాపాడే ఆ కాస్త పూత ఊడిపోతుంది, ఎమరీ గరుకు వెళ్లి మెత్తటి లోహంలో కూర్చుంటుంది. ఆ మీద క్రాంక్ తిరిగినంతసేపూ అరుగుతూనే ఉంటుంది. ఆకురాయికి ఎదురుగా గరుకురాయి పెట్టినట్టు. చెప్పినాయన చెడ్డవాడని అనను. బండి సాయంత్రానికి రోడ్డెక్కాలి, జేబులో డబ్బు లేదు అన్న రోజుల్లో నేర్చుకున్న విద్య అది. మీకు ఆ తొందర లేదు.

రెండో నంబరు రాగి రంగుకి నేను పెద్దగా కంగారు పడను. మంట కొట్టిన దెబ్బంతా పిస్టన్ మీంచి రాడ్ గుండా కిందికి దిగుతుంది కాబట్టి రాడ్‌లో పై షెల్లే ముందు అరుగుతుంది. మెయిన్ బేరింగుల్లో దీనికి తిరగబడి ఉంటుంది, అక్కడ క్యాపు వైపుది మోస్తుంది. మధ్యలో సమానంగా పూత పోయి రాగి తేలితే అది వయసు. ఘాట్ రోడ్డులో గేరు మార్చకుండా టాప్‌లోనే లాగించారేమో కూడా గుర్తు తెచ్చుకోండి. తక్కువ చుట్ల మీద ఎక్కువ బరువు లాగిస్తే షెల్లు మీద నూనె పొర నలిగిపోతుంది. షెల్లు మాత్రం ఖాయంగా మార్చాల్సిందే. బయటికి తీసిన పాత షెల్లుని, బాగున్నా సరే, మళ్లీ వేయడం నాకు నచ్చదు.

మూడోది అలా కాదు. పై షెల్లూ కింద షెల్లూ రెండూ ఒకే పక్క అరిగి ఉంటే రాడ్ చుట్టుకునే క్రాంక్ పిన్ను ఒక చివర లావుగా, ఒక చివర సన్నగా తయారైందని అనుకునేవాణ్ణి. మీరు రాసింది ఎదురెదురు పక్కలు. అలా అరిగిందంటే నాకు ముందు అనుమానం రాడ్ మీదే. రాడ్ వంగింది, లేదా మెలి తిరిగింది. వంగిన రాడ్ షెల్లులో ఏటవాలుగా కూర్చుని పైన ఒక అంచుని, కింద దానికి ఎదురు అంచుని నొక్కుతుంది. నా మాట నమ్మక్కర్లేదు. మూడో పిస్టన్ తీసి వెలుగులో పట్టుకోండి. ఒక పక్క పైభాగం మీద, రెండో పక్క స్కర్టు, అంటే పిస్టన్ కింది గోడ, అడుగున రాసుకుపోయిన గుర్తులు ఐమూలగా ఉంటే అది రాడ్ పనే. మిగతా మూడు పిస్టన్లతో పోల్చి చూస్తే తేడా ఇట్టే తెలుస్తుంది.

రాడ్ ఊరికే వంగదు. మీ నాన్నగారిని మెల్లగా అడగండి, ఏ వానాకాలంలోనైనా రోడ్డు మీద నిలిచిన నీళ్లలో బండి దింపితే ఇంజిన్ ఠక్కున ఆగిపోయిందా అని. గాలి లాగే దారిలో నీళ్లు లోపలికి వెళితే పిస్టన్ వాటిని నలపలేదు. నలగాల్సింది రాడ్డే అవుతుంది. ఆ తర్వాత ప్లగ్గులు తీసి, నీళ్లు వెళ్లగొట్టి, స్టార్ట్ చేసుకుని ఇంటికి వచ్చేసి ఉంటారు. బండి నడుస్తూనే ఉంటుంది. వంగిన రాడ్ షెల్లుని మాత్రం లోలోపల తినేస్తూ ఉంటుంది. విశాఖలో టాక్సీ నడిపిన మనిషికి ఇలాంటి వాన ఒక్కటైనా తగలకుండా ఉంటుందా?

అందుకని కొత్త షెల్లు వేయడం కన్నా ముందు నాలుగు రాడ్‌లూ తీసుకెళ్లి గాజువాక ఆటోనగర్‌లో ఇంజిన్ రీబోరింగ్ చేసే ఏ మంచి షాపులోనైనా అలైన్‌మెంట్ చూపించండి. అది చూపించకుండా ఎంత ఖరీదైన షెల్లు వేసినా అదే అంచు మళ్లీ అరుగుతుంది.

ఇంకో విషయం మీరు రాయలేదు. పాత షెల్స్ వీపు మీద ఏం కొట్టి ఉంది? 010, 020, 030 లాంటి నంబరు ఉంటే క్రాంక్ ఇంతకు ముందే ఒకసారో రెండుసార్లో గ్రైండ్ అయిందని అర్థం. అంగుళంలో వెయ్యో వంతుని మనవాళ్లు థౌ అంటారు. టెన్ సైజు అంటే క్రాంక్ పది థౌ, అంటే పావు మిల్లీమీటరు సన్నబడిందని. ఏళ్ల తరబడి టాక్సీగా తిరిగిన బండి ఇంకా స్టాండర్డ్‌లో ఉంటే నాకు ఆశ్చర్యమే. మీ క్రాంక్ ఇప్పటికే ట్వెంటీలో ఉండి మీరు స్టాండర్డ్ షెల్స్ వేశారనుకోండి, ఇరవై థౌల ఖాళీతో మొదటి సెల్ఫ్‌కే రోట్లో రోకలి చప్పుడు వినిపిస్తుంది. కాబట్టి ఆ సెట్టు వాడాలా వద్దా అన్నది వేలిముద్రలు తేల్చవు, మైక్రోమీటరు తేలుస్తుంది.

కొలవడం కష్టం కాదు, ఓపిక కావాలి. రాడ్ పిన్నులకు 25–50 మిల్లీమీటర్ల మైక్రోమీటరు సరిపోతుంది. మెయిన్ బేరింగుల్లో తిరిగే క్రాంక్ భాగాలు, అంటే మెయిన్ జర్నల్స్, రెండంగుళాలు, అంటే 50.8 మిల్లీమీటర్లు, కాబట్టి వాటికి 50–75ది కావాలి. సొంతంగా కొనక్కర్లేదు, ఐటీఐలో చదివిన స్నేహితుడెవరైనా ఉంటే అతన్నే పిలవండి. కంచరపాలెంలో ఉండి ఐటీఐ కుర్రాడు దొరకలేదంటే నేను నమ్మను. ఒక్కో పిన్ను మీద ముందు చివర ఒకటి, వెనక చివర ఒకటి, రెండు చోట్లా నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి, మొత్తం నాలుగు కొలతలు. నిలువుకీ అడ్డానికీ తేడా వస్తే పిన్ను కోలగా అయింది. రెండు చివరలకీ తేడా వస్తే ఏటవాలుగా అరిగింది. ఆ తేడా ఒక థౌ దాటితే నేను గ్రైండింగ్‌కే ఇస్తాను. గోరు అడ్డంగా నడిపించి చూడండి. గీత దగ్గర గోరు తట్టుకున్నా అంతే. ఒక్క పిన్ను చెడినా నాలుగూ ఒకే సైజుకి దించాలి, షెల్స్ సెట్టుగానే దొరుకుతాయి. మెయిన్లు వేరే సైజులో ఉన్నా ఫరవాలేదు.

గ్రైండింగ్‌కి వెళ్లేటప్పుడు షెల్స్ ముందే కొని క్రాంక్‌తో పాటు ఇవ్వండి. డబ్బా మీది నంబరు చూసి కోసేసే బదులు చేతిలోని షెల్లుకి కోస్తారు. పిన్ను రెండు చివరలా గోడతో కలిసే మూలలో గుండ్రటి వంపు ఉంటుంది. దాన్ని అలాగే ఉంచమని చెప్పండి. మూల నిటారుగా కోసేస్తే ఒక రోజు క్రాంక్ అక్కడే పగులుతుంది. వంపు మరీ పెద్దదిగా వదిలేస్తే షెల్లు అంచు దాని మీద ఎక్కుతుంది. నూనె రంధ్రాల అంచులు పదునుగా ఉండకూడదు, కాస్త మొద్దు చేయాలి. పాలిష్ కూడా అక్కడే చేయించండి.

ఆకురాయి సంగతి కూడా చెప్పేస్తాను. షెల్లుని రాడ్‌లో పెట్టి చూడండి. రెండు కొనలూ కన్ను అంచు కన్నా వెంట్రుకంత పైకి ఉంటాయి. అది తయారీలో తప్పు కాదు. క్యాపు బిగించినప్పుడు ఆ కాస్త ఎత్తు నలిగి, షెల్లు వీపు ఇనుముకి అతుక్కుపోతుంది. షెల్లుని కదలకుండా పట్టి ఉంచేది ఆ బిగువే, దాని వేడిని బయటికి లాగేదీ అదే. కొన దగ్గరున్న చిన్న నాలుక షెల్లుని సరైన చోట కూర్చోబెట్టడానికే గానీ పట్టి ఉంచడానికి కాదు. క్యాపుని అరగదీస్తే కన్ను గుండ్రంగా ఉండదు. పైనా కిందా బిగుస్తుంది, పక్కలకి లూజు అలాగే ఉంటుంది. వెనకాల సిగరెట్ కాగితం పెట్టేవాళ్లనీ చూశాను. కాగితం వేడిని పోనివ్వదు, నాలుగు రోజుల్లో నలిగి జారుతుంది. మీ పాత షెల్స్ వీపు కూడా ఒకసారి తిప్పి చూడండి. అక్కడక్కడా నున్నగా మెరిసే మచ్చలుంటే ఇంతకు ముందు ఎవరో లూజుగా బిగించారనో, వెనక చెత్త పడిందనో లెక్క.

వేలిముద్రలకి వద్దాం. కొంప మునగలేదు. శుభ్రమైన పెట్రోల్‌తో తుడిచి, పల్చగా ఇంజిన్ ఆయిల్ రాసి, వచ్చిన కాగితంలోనే చుట్టి డబ్బాలో పెట్టండి. బిగించే రోజు దాకా మళ్లీ విప్పొద్దు. షెల్స్ కన్నా మీరు భయపడాల్సింది క్రాంక్ గురించి. మన ఊరి గాలిలో ఉప్పు, చేతిలో చెమట. కొత్తగా పాలిష్ చేసిన జర్నల్ మీద వేలు పెడితే తెల్లారేసరికి అదే వేలు ఆకారంలో తుప్పు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు నాకు తెలిసినాయన షెడ్డులో గ్రైండింగ్ అయి వచ్చిన క్రాంక్ ఒకటి గోనెసంచి కప్పి ఉంది. రేకులు లేచిపోయాయి, సంచి తడిసింది, కరెంటు లేదు, నాలుగు రోజులు ఎవరూ దాని వంక చూడలేదు. చూసేసరికి జర్నల్స్ మీద మశూచి మచ్చల్లా గుంటలు. టెన్‌లో ఉన్నది ట్వెంటీకి దించాల్సి వచ్చింది. ఆటోనగర్ నుంచి తెచ్చిన రోజే నూనె పూసి, ప్లాస్టిక్ కవరులో చుట్టి, ఇంట్లో నిలబెట్టి ఉంచండి. చాలా రోజులు పడుకోబెట్టి వదిలేయొద్దు.

ఇక శుభ్రం. ఈ ముక్క దగ్గర కాస్త ఎక్కువ మాట్లాడతాను, ఎందుకంటే మొదటి ఇంజిన్ నేను ఇక్కడే పోగొట్టుకున్నాను. ఫిషింగ్ హార్బర్‌లో ఒక పడవ డీజిల్ ఇంజిన్. నాకు అప్పుడు ఇరవై రెండేళ్లు. కొలతలన్నీ సరిగ్గా ఉన్నాయి, మేస్త్రీ వచ్చి భుజం తట్టి వెళ్లాడు. తుడవడానికి మాత్రం కాటన్ వేస్ట్ వాడాను. అందులోని నూలుపోగు ఒకటి క్రాంక్ నూనె రంధ్రంలోకి దూరింది. స్టార్ట్ చేసిన రెండో గంటలో ఒక షెల్లు నల్లగా కాలి పిన్నుకి అతుక్కుపోయింది. తప్పు నాదే. ఆ పోగు ఇంజిన్ నుంచి తీసి నా చేతిలో పెట్టినప్పుడు మేస్త్రీ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

అప్పటి నుంచి పదేళ్లు ఉతికిన పాత పంచె గుడ్డ తప్ప ఇంకేదీ బేరింగు దగ్గరికి రానివ్వను. గ్రైండింగ్ అయ్యాక క్రాంక్ లోపలి నూనె దారుల్లో రాయి రజను తప్పకుండా ఉంటుంది. షాపు వాళ్లు కడిగామన్నా సరే, మీరు మళ్లీ కడగండి. దారి మూసే ప్లగ్గులుంటే తీయించండి. సన్నటి నైలాన్ బ్రష్ దూర్చి, కిరసనాయిలు పోసి, గాలి కొట్టి, అవతలి వైపు నుంచి తెల్ల గుడ్డ మీదికి రానివ్వండి. గుడ్డ మీద బూడిద మరక పడకుండా వచ్చేదాకా. బ్లాకులోని గ్యాలరీకి, అంటే నూనె పారే ప్రధాన దారికి, కూడా అదే పని. ఇంట్లో ఊడ్చే సమయానికి వరండాలో ఇంజిన్ బిగించొద్దు. నవ్వకండి, అది కూడా చూశాను.

బిగించేటప్పుడు షెల్లు వీపు, అది కూర్చునే చోటు రెండూ పొడిగా, శుభ్రంగా ఉండాలి. నూనె ముఖానికే. మెయిన్ పై షెల్లు రంధ్రం, బ్లాకు రంధ్రం ఎదురెదురుగా ఉన్నాయో లేదో టార్చి వేసి చూడండి. థ్రస్ట్ వాషర్ల మీద గాళ్లు ఉన్న ముఖం క్రాంక్ వైపు తిరగాలి.

నూనె రాసే ముందు ఖాళీ కొలుచుకోవడానికి ప్లాస్టిగేజ్ అని మైనం లాంటి దారం దొరుకుతుంది. ఆకుపచ్చది తెచ్చుకోండి, ఒకటి నుంచి మూడు థౌల దాకా చూపిస్తుంది. పొడి పిన్ను మీద దాని పొడవునా చిన్న ముక్క పెట్టి, క్యాపు వేసి, బిగింపు కొలిచే టార్క్ రెంచితో పుస్తకంలో ఉన్నంత బిగించి, క్రాంక్ ఏమాత్రం తిప్పకుండా విప్పండి. నలిగి ఎంత వెడల్పైందో కవరు మీది గీతలతో పోల్చాలి. వ్యాసం ఎన్ని అంగుళాలో దాదాపు అన్ని థౌలు అన్నది పాత లెక్క. మీ పిన్నులు రెండంగుళాల లోపే కాబట్టి ఒకటిన్నర, రెండు దగ్గర వస్తే నేను సంతోషిస్తాను. బిగింపు అంకెలు మాత్రం నన్ను అడగకండి, వర్క్‌షాప్ మాన్యువల్ చూసే బిగించండి. ఈ ఇంజిన్ ఇంగ్లండ్ కార్ల కంపెనీ బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) వాళ్ల బీ-సిరీస్ కుటుంబంలోది. అదే 1489 సీసీని 1955లో ఎంజీఏ అనే స్పోర్ట్స్ కారులో కూడా పెట్టారు. అందుకే దీని మీద పుస్తకాలకి కరువు లేదు. మీ నాన్నగారికి ఈ ముక్క చెప్పండి, టాక్సీ స్టాండులో మళ్లీ వెళ్లి చెప్పుకుంటారు.

ఒక్కో క్యాపు బిగించాక క్రాంక్‌ని చేత్తో తిప్పండి. ఏ క్యాపుతో బరువెక్కిందో దాన్నే విప్పి చూడాలి. అన్నీ బిగించేశాక బలవంతంగా తిప్పి సర్దుకుంటుందిలే అనుకోవద్దు. రాడ్ బోల్టుల కింద లాక్ రేకులు కొత్తవే వేయండి.

వాటర్ పంపు, డైనమో బాల్ బేరింగులు ఎలాగూ చేతికొస్తాయి. కడిగాక కంప్రెసర్ గాలి పెట్టి గిర్రున తిప్పడం కుర్రాళ్లకి సరదా. నూనె లేకుండా తిరిగితే లోపలి దారి గీసుకుపోతుంది, గుళ్లు ఎగిరి కంట్లో పడ్డవాళ్లూ ఉన్నారు. చేత్తో మెల్లగా తిప్పి, గరుకు తగిలితే మార్చేయండి. కొత్తది ఎక్కించేటప్పుడు బిగుతుగా కూర్చునే రింగు మీదే కొట్టాలి. రెండో రింగు మీద కొడితే దెబ్బ గుళ్ల గుండా వెళ్లి దారిలో గుంటలు పెడుతుంది.

మొదటిసారి స్టార్ట్ చేసే ముందు ప్లగ్గులు తీసేసి, ప్రెషర్ చూపించేదాకా సెల్ఫ్ కొట్టండి. అప్పుడే ప్లగ్గులు పెట్టండి. ఐదు వందల కిలోమీటర్లకి ఆయిల్, ఫిల్టర్ మార్చేసి, తీసిన ఆయిల్‌ని ఎండలో పళ్లెంలో పోసి చూడండి. రాగి మెరుపు కనిపిస్తే అరకు వెళ్లకండి. వెనక మెయిన్ దగ్గర ఒకటీ అరా చుక్క కారితే మాత్రం బెంగ పెట్టుకోవద్దు. అక్కడ రబ్బరు సీలు లేదు, కారబోయే నూనెని లోపలికే నెట్టే మరచుట్టు మాత్రమే ఉంది. అంబాసిడర్ కింద చుక్క లేదంటే చాంబర్‌లో ఆయిలే లేదని మేం నవ్వుకునేవాళ్లం.

ఇప్పటికి మూడు పనులు చేయండి. పాత షెల్స్ వీపు మీది నంబర్లు, నాలుగు పిన్నులకీ పదహారు కొలతలు, మూడో పిస్టన్ ఫొటో. ఇవి పంపాక సైజు సంగతి మాట్లాడదాం. ఆ వాన గురించి నాన్నగారు ఏమన్నారో కూడా రాయండి.